పెత్రెన్ పొదల బయలు: మనం బీడు అనుకొన్న నేల



మహాశివరాత్రి వచ్చినదంటే మన దీవిలో లక్షలాది జనం గంగా తలావు దారి పడతారు. తెల్లని బట్టలు, భుజాన కావడి, కాళ్ళకు బొబ్బలు, నోట శివనామం. వాక్వా వైపునుండి వచ్చేవారు మార్ ఓ వాక్వా జలాశయం దాటి, పెత్రెన్ అనే కూడలి చేరి, అక్కడినుండి చెరువువైపు తిరుగుతారు. మేమూ చిన్ననాటినుండి ఆ దారిన ఎన్నోసార్లు నడిచినవారమే. కూడలి దగ్గర కాసేపు చతికిలబడి, భక్తులు పంచే తేనీరు త్రాగి, మళ్ళీ లేచి నడిచేవారం. దారిపక్కన నడుమెత్తు పొదలు, మధ్యమధ్య మొగలి డొంకలు, కాలు పెడితే దిగబడే చిత్తడి. అందులో చూడదగినదేమీ లేదనుకొనేవారం. అడవి అంటే పెద్ద చెట్లుండాలి, తోట అంటే పండ్లుండాలి. ఈ రెండూ కానిది బీడు. అంతే మా లెక్క.

ఆ లెక్క తప్పని తెలిసికొనడానికి మాకు నలభై ఏళ్ళు దాటవలసి వచ్చినది. పెత్రెన్ బయలు బీడు కాదు. మన పూర్వులు ఓడ దిగకముందు, వారికంటె ముందు బానిసలుగా తేబడినవారు దిగకముందు, అసలు మనిషన్నవాడు అడుగు పెట్టకముందు ఈ దీవి ఎట్లున్నదో చెప్పగల కొద్దిపాటి చోట్లలో అది ఒకటి. మన కుటుంబాల చరిత్రతో దానికి సంబంధం ఉన్నది గనుకనే ఈ వ్యాసం వ్రాయ సాహసిస్తున్నాము.

ఆ చోటు ఎట్టిది?

మన దీవి నైరుతి భాగంలోని ఎత్తుభూములు, లోయలు కలిపి 1994 జూన్ 15న బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ ఉద్యానవనంగా ప్రకటింపబడినవి. దాని విస్తీర్ణం 6,500 హెక్టార్లకు పైమాటే. 828 మీటర్ల ఎత్తుతో దీవి అంతటికీ ఉన్నతమైన పితీత్ రివియేర్ న్వార్ శిఖరం అందులోనే ఉన్నది. ఉద్యానవనం అనగానే పూలమళ్ళు, బల్లలు గుర్తుకు రావచ్చును. ఇది అట్టిది కాదు. పశ్చిమాన పల్లపు లోయల్లో ఎండు అడవి, మకాబే వైపు తడిసిన ఎత్తైన అడవి, పెత్రెన్ నుండి ప్లేన్ షాంపాన్ దాకా పొదల బయళ్ళు, వాటి నడుమ చిత్తడి నేలలు. మార్ లోంగ్ జలాశయం ఇటు, గంగా తలావు అటు. ఇన్ని రకాల నేలలు ఒక పూటలో నడిచి చూడగలిగిన చోటు మన దేశంలో మరొకటి లేదు.

ఈ ఎత్తున ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల వరకు వాన పడుతుంది. పడమటి తీరాన అందులో నాలుగవ వంతైనా పడదు. ఇంత వాన పడే చోట మహావృక్షాలు పెరగాలి గదా, పొదలెందుకు పెరిగినవి? జవాబు నేలలో ఉన్నది. పాత లావా రాయి యుగయుగాల వానకు నాని, కరగదగిన సారమంతా కొట్టుకొనిపోగా, మిగిలినది ఇనుపతుప్పు వన్నె మట్టి. అందులో కొంత గట్టిపడి పెంకువలె నిలిచినది. ఆ పెంకుమీద మన్ను పలుచన. నీరు కిందికి ఇంకదు, వేరు లోతుకు దిగదు. వానకాలంలో చిత్తడి, ఎండకాలంలో ఎండు. అట్టి నేలలో బ్రతకడం నేర్చుకొన్న మొక్కలే అక్కడ నిలువగలవు.

వాటిలో ముఖ్యమైనది పూర్వం ఫిలిప్పియా అని పిలువబడిన పొద. నేటి వృక్షశాస్త్రజ్ఞులు దానిని ఎరికా జాతిలో చేర్చినారు. ఐరోపాలోని చలిబీళ్ళలో పెరిగే ఎరికా పొదలకు అది దగ్గర చుట్టం. సూదులవంటి చిన్నచిన్న ఆకులు. దాని ప్రక్కన ఫైలికా అనే మరో పొద, మోకాలెత్తు ఫెర్నులు, తేమచోట్ల మొగలి. మనవాళ్ళు కషాయానికి వాడే ఫాందమాన్ కూడ ఈ ప్రాంతాల మొక్కే. ఇక్కడ నడుమెత్తున ఉన్న చెట్టును చూచి లేత మొక్క అనుకొనరాదు. సారం లేని నేలలో ఏడాదికి ఇంచుమించు కనబడనంత పెరిగి, ఆ ఎత్తుకు చేరిన ముసలిది అది.

రెజినాల్డ్ వాన్, పాల్ ఒక్తావ్ వియే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1937 నుండి ప్రకటించిన వ్యాసాలలో మన దీవి వృక్షసంపదను తరగతులుగా విభజించి వర్ణించినారు. ఎత్తుభూముల పొదల బయలు కూడ ఒక ప్రత్యేకమైన తరగతిగా అందులో చోటు చేసికొన్నది. చదువుకొన్నవారు కూడ దానిని పనికిమాలిన చోటు అనుకొంటున్న రోజులవి.

గొడ్డలి, చెరకు, మన పూర్వులు

డచ్చివారు 1598లో ఈ దీవికి వచ్చినప్పుడు తీరంనుండి శిఖరందాకా ఇంచుమించు అంతా అడవే. వారు నల్లచేవ చెక్కకోసం చెట్లు నరికినారు. 1639లో జావానుండి జింకలను తెచ్చి వదలినారు. డోడో పక్షి ఒక శతాబ్దమైనా నిలువలేదు. తరువాత ఫ్రెంచివారి కాలంలో 1769లో పియేర్ ప్వావ్ర్ అనే అధికారి ఒక నిబంధన తెచ్చినాడు. ప్రతి భూయజమాని తన భూమిలో నాలుగవ వంతు, ముఖ్యంగా కొండవాలుల్లో, అడవిగా ఉంచవలెనని దాని సారాంశం. అడవి పోతే వాన తగ్గునన్న భయం ఆ నిబంధన వెనుక ఉన్నది. రెండువందల యాభై ఏళ్ళకు మునుపే మన దీవిలో ఇట్టి ఆలోచన పుట్టినదంటే ఆశ్చర్యమే.

కాని చెరకు ముందు చట్టం నిలువలేదు. 1825లో బ్రిటిషువారు మారిషస్ పంచదారపై ఎక్కువ సుంకం తొలగించగానే తోటలు పెరిగినవి. 1835లో బానిసత్వం రద్దయినది. దానికి కొద్ది నెలల ముందే, 1834 నవంబరు 2న, అట్లాస్ ఓడలో 36 మంది ఒప్పంద కూలీలు పోర్ట్ లూయీలో దిగినారు. తరువాత వచ్చినవారు నాలుగున్నర లక్షలు. ఆంధ్రతీరంనుండి వచ్చిన మనవారిని ఇక్కడివారు కోరంగీలు అన్నారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరది. మన పేరే ఒక రేవు పేరు.

ఆ వచ్చినవారు ఏమి పని చేసినారు? చెరకు నాటినారు, నరికినారు అని మనం పిల్లలకు చెబుతాము. సగమే చెబుతాము. చెరకు నాటడానికి ముందు అడవి కొట్టవలెను. రాళ్ళు ఏరి కుప్పలు వేయవలెను. ఇప్పటికీ మన పొలాల నడుమ కనబడే ఆ రాతికుప్పలు బానిసల చేతులు, కూలీల చేతులు కట్టినవి. మిల్లుల పొయ్యిలకు కట్టెలు కావలెను. 1864లో రైలు వచ్చిన తరువాత పట్టాల కింద దుంగలు కావలెను. దీవి అడవిని ధర కట్టి అమ్ముకొన్నవారు మన పూర్వులు కాదు. ఆ నిర్ణయాలలో వారికి మాట లేదు. కాని గొడ్డలి పట్టిన చేతుల్లో వారి చేతులూ ఉన్నవి. ఈ మాట చెప్పడం వారిని నిందించడం కాదు. వారి కష్టాన్ని పూర్తిగా చెప్పడం.

అడవి పోయిన ఫలితం కూడ వారే అనుభవించినారు. 1866లో మొదలైన మలేరియా జ్వరానికి మరుసటి ఏడాది దీవి జనంలో ఇంచుమించు పదవ వంతు మరణించినారు. కలిగినవారు పోర్ట్ లూయీ విడిచి క్యూర్‌పీప్ వంటి చల్లని ఎత్తుభూములకు తరలిపోయినారు. తోటల లైన్లలోని కూలీలు ఎక్కడికి పోగలరు? అదే 1867లో వచ్చిన చట్టం ఫోటో అంటించిన చీటీ లేకుండ వారిని రోడ్డుమీద కూడ నడువనీయలేదు.

అంత నరుకుడులోనూ పెత్రెన్ బయలు మిగిలినది. ఎవరో దయ తలచి కాదు. అక్కడి నేల చెరకుకు పనికిరాలేదు, చెక్క దూలానికి పనికిరాలేదు. పేదతనమే ఆ నేలను కాపాడినది. లోపలి లోయలు కూడ అట్లే. తోటలనుండి పారిపోయిన బానిసలు రివియేర్ న్వార్ కొండల్లో తలదాచుకొన్నారని చరిత్ర. ఎవరికీ అక్కరలేని నేల ఎవరికీ అక్కరలేని మనుషులకు ఆశ్రయం ఇచ్చినది.

చెరువు సంగతి

గంగా తలావు ఉద్యానవనాన్ని ఆనుకొన్నట్టే ఉన్నది. దాని పాత పేరు గ్రాన్ బాసెన్. అది ఎవరో త్రవ్విన చెరువు కాదు, చల్లారిన అగ్నిపర్వతపు నోట నిండిన నీరు. 1897లో త్రియోలే గ్రామపు పూజారి ఝుమ్మన్ గిరి గోసాయికి ఆ నీరు గంగతో కలిసినట్టు కల వచ్చినదనీ, మరుసటి ఏడాది ఆయన కొందరితో కలిసి అక్కడికి నడిచి వెళ్ళి శివరాత్రికి నీరు తెచ్చినాడనీ మనందరికీ తెలిసిన కథే. పరీ తలావు అన్న పేరు పోయి, 1972లో గంగాజలం తెచ్చి కలిపిన తరువాత గంగా తలావు అన్న పేరు స్థిరపడినది. 33 మీటర్ల శివుని విగ్రహం 2007లో నిలిచినది.

మనం తలమీద చల్లుకొనే ఆ నీరు ఎక్కడిది? వాన నీరు. ఆ వాన పడిన నేల ఎట్టిదో చూడవలసిన బాధ్యత మనది. ఎత్తుభూముల చిత్తడి, నాచు, ఫెర్ను, మొగలి వేళ్ళ గుబురు కలిసి వాననీటిని ఒక్కసారిగా దొర్లిపోనీయక పట్టి ఉంచి, మెల్లమెల్లగా వాగులకు వదలుతవి. కొళాయి త్రిప్పినప్పుడు, చెరకుకు నీరు పెట్టినప్పుడు ఆ పొదలను మనం తలచుకొనము. మన పెద్దలు చెరువుగట్టుకు మొక్కినారు, కాలువకు పసుపు కుంకుమ పెట్టినారు. నీరు వచ్చే దారిని పూజించడం మనకు క్రొత్త కాదు. చెరువును మాత్రమే పూజించి దారిని మరచిపోవడమే క్రొత్త.

"మాస్టారూ, దీన్ని తెలుగులో ఏమంటారు?"

మేము తెలుగు నేర్చుకొన్నది బైట్కాలో. వారానికి మూడు సాయంత్రాలు, రేకుల కప్పు కింద, పలకమీద. ఇంట్లో క్రియోల్, బడిలో ఫ్రెంచి, ఇంగ్లీషు. అందువల్ల మా తెలుగులో తప్పులుంటే పాఠకులు మన్నించగలరు. ఉపాధ్యాయులమైన తరువాత ఒకసారి తెలుగు తరగతి పిల్లలను పెత్రెన్‌కు తీసికొని వెళ్ళినాము. చూచిన ప్రతిదానికీ తెలుగు పేరు చెప్పాలన్నది ఆట. మొగలి అన్నారు, బల్లి అన్నారు, మబ్బు అన్నారు. చివరికి ఒక పాప చేయి చాచి ఆ బయలంతా చూపి, "మాస్టారూ, దీన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగినది.

"బీడు" అన్నాము, నోటికి వచ్చిన మాట.

"బీడు అంటే ఏమిటి?"

"ఎవరూ సాగు చేయని నేల."

"మరి ఇక్కడ ఇన్ని మొక్కలున్నాయి గదా?"

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయినది. బీడు అన్నది సాగుచేసేవాడి మాట. నేలకు నాగలి తగిలినదా లేదా అన్నదే దాని కొలత. తోట యజమాని కన్నుతో మేము ఆ నేలను చూస్తున్నామని ఆ పాప ప్రశ్నవల్ల తెలిసినది. ఆ యజమాని మన పూర్వులను కూడ అదే కొలతతో చూచినాడు. పని చేసే ఒళ్ళు ఉన్నదా లేదా? ఆ రోజు పిల్లలందరూ ఆలోచించి "పొదల బయలు" అన్న పేరు నిర్ణయించినారు. నిఘంటువులో ఉన్నదో లేదో గాని, ఈ వ్యాసానికి ఆ పేరే పెట్టినాము.

నిజానికి ఆ బీడు అన్న మాట మా ఇంటికి కూడ సంబంధించినది. పెత్రెన్‌కు దక్షిణాన లే మార్ అనే ప్రాంతం ఉన్నది. అక్కడ కూడ ఇట్లే పొదలు, పొట్టిచెట్లు, చిత్తడి. 1970 దశకంలో పైన్ చెట్లు పెంచడానికి ఆ సహజమైన పొట్టి అడవి చాలావరకు కొట్టివేయబడినది. మా తండ్రిగారు కొన్ని నెలలు ఆ పనికి వెళ్ళినారు. దీవిలో పని దొరకడమే కష్టమైన రోజులు. ఆ కూలితోనే మా పుస్తకాలు కొన్నారు. "చూడ్డానికి చేతికర్రంత ఉండేదిరా, గొడ్డలి వేస్తే ఇనుములా మోగేది" అని చాలాకాలం తరువాత మాతో అన్నారు. అవి లేతవి కావు, ముసలివి అని ఆయనకు గొడ్డలి చెప్పినది. మాకు పుస్తకం చెప్పవలసి వచ్చినది.

ఆ నరకడంవల్ల పండ్లు, పూలు తిని బ్రతికే పచ్చని చిలుకకు మేత తగ్గినది. మన దీవిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని చిలుక అది. 1980 దశకం నాటికి పది పన్నెండు మాత్రమే మిగిలినట్లు లెక్క. గద్దజాతిలో చిన్నదైన మారిషస్ కెస్ట్రెల్ 1974లో అడవిలో నాలుగే. గులాబి పావురం 1990 ప్రాంతాల్లో పదింటికి దిగినది. ఆ పావురాలు చివరికి గూళ్ళు కట్టుకొన్నది జపాను దేశపు క్రిప్టోమేరియా చెట్ల తోపులో. స్వంత చెట్లు పోయి పరాయి చెట్టును ఆశ్రయించిన పక్షి బాధ మనకు అర్థం కావలసినదే.

పువ్వు, బల్లి, మొగలి

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పి తీరవలెను. పొదల బయలులో ట్రోకేషియా అనే మొక్క ఉన్నది. గంటలవలె తలవంచుకొన్న గులాబి వన్నె పూలు. దాని దగ్గరి చుట్టమైన మరొక ట్రోకేషియాయే 1992 నుండి మన జాతీయ పుష్పం. ఈ పూలలో తేనెకు కూడ రంగు ఉంటుంది. ఆ తేనె త్రాగడానికి వచ్చి పుప్పొడి మోసేది తుమ్మెద కాదు, పిట్ట కాదు. నీలితోక గల ఆకుపచ్చ బల్లి!

ఆ బల్లికి బయటి ఎండలో, గ్రద్ద కంటబడేచోట తిరగడం భయం. అది మొగలి ఆకుల మొదళ్ళలో దాగి ఉంటుంది. పెత్రెన్‌లో పరిశోధన చేసిన శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించినదేమంటే, మొగలి డొంకకు దగ్గరగా ఉన్న ట్రోకేషియా పూలకు బల్లులు ఎక్కువగా వస్తవి, కాయలు ఎక్కువగా కాస్తవి. దూరంగా ఉన్న మొక్కకు కాపు తక్కువ. మొగలిని కొట్టివేస్తే పువ్వును ఎవరూ ముట్టకుండానే పువ్వు పోతుంది.

బల్లి పలికితే శకునం చూచే జాతి మనది. మొగలి పువ్వు శివపూజకు పనికిరాదని కథ చెప్పుకొనే జాతి మనది. శివుని చెరువు ప్రక్కనే మొగలి డొంక, అందులో బల్లి, దాని నమ్ముకొన్న పువ్వు. ఇంతకంటె మంచి పాఠం మేము తరగతిలో చెప్పలేము. వాక్వా పట్టణానికి ఆ పేరు వచ్చినది మొగలి జాతి చెట్టువల్లనే. జనపనార గోనెలు రాకముందు పంచదార నింపి పంపిన సంచులు ఆ ఆకులతో అల్లినవే. మన దీవి తీపి అంతా ఒకప్పుడు మొగలి చాపలోనే సముద్రం దాటినది.

కలుపు తీసే చేతులు

రక్షణ మాటకు వస్తే, 1977లోనే మకాబే, బెల్ ఓంబ్ర్ అడవులు యునెస్కోవారి జీవావరణ కేంద్రాల జాబితాలో చేరినవి. 1994లో జాతీయ ఉద్యానవనం వచ్చినది. పక్షులను పెంచి వదలడంలో మారిషస్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్, ప్రభుత్వ శాఖవారు, విదేశీ మిత్రులు కలిసి చేసిన కృషి జగత్ప్రసిద్ధం. చిలుకలు, పావురాలు మళ్ళీ వందలలో ఉన్నవి.

కాని కంచె వేసి వదలితే ఈ నేల దానంతటది బాగుపడదు. జింక, అడవిపంది, కోతి, ఎలుక ఒకవైపు. చైనా జామ, ప్రివెట్ పొద, ముళ్ళతీగ మరొకవైపు. కనుక పెత్రెన్‌లో, మకాబేలో కొన్ని తుండ్లకు కంచె వేసి, మనుషులు వంగి ఒక్కొక్క పరాయి మొక్కను చేతితో పీకుతారు. నరికితే మళ్ళీ చిగురిస్తుంది గనుక వేరుతో తీయవలెను. స్వంత మొక్క ఏదో, పరాయిది ఏదో రెండాకుల వయసులోనే గుర్తు పట్టవలెను. ఒకసారి తీస్తే చాలదు, మళ్ళీ మళ్ళీ తీయవలెను.

ఒక ఉదయం కంచె ఇవతల నిలబడి ఆ పనివారిని చూచినాము. నడుము వంచి, వరుసగా, వానలో. మా నాయనమ్మ చెరకుతోటలో కలుపు తీసిన తీరు అదే. ఆమె పీకినది చెరకును బ్రతికించడానికి. వీరు పీకుతున్నది చెరకు రాకముందటి నేలను బ్రతికించడానికి. పని ఒకటే, దిశ మారినది. ఆ పనికి జీతం చిన్నది, పేరు లేదు. కాని మన జాతికి బాగా తెలిసిన విద్య అది. దానిని చిన్నచూపు చూచే హక్కు మనకు లేదు.

జామపండు చిక్కు

ఇప్పుడు కష్టమైన మాటకు వస్తున్నాము. చైనా జామ, అనగా గోయావ్ దె షిన్, మనందరికీ ప్రాణం. ఏప్రిల్ దాటినదంటే సెలవురోజున కుటుంబాలు ప్లేన్ షాంపాన్ వైపు బయలుదేరేవి. మా నాయనమ్మ ఉప్పు, మిరపకాయ దంచి చిన్న డబ్బాలో తెచ్చేది. ఎర్రని పండు కొరికి, కారంలో అద్ది, గింజలు ఉమ్మేవారం. ఉమ్మిన ప్రతిచోటా మొలుస్తుందని ఎవరికి తెలుసు? దక్షిణ అమెరికానుండి వచ్చిన ఆ చెట్టే నేడు మన సహజారణ్యానికి అందరికంటె పెద్ద శత్రువు. దాని గుబురు కింద మరే మొక్కకూ వెలుతురు అందదు.

ఈ సంగతి మేము సంఘంలో చెప్పినప్పుడు ఒక పెద్దాయనకు కోపం వచ్చినది. "బయటినుండి వచ్చినది గనుక పీకేయాలంటావా? మనమెక్కడినుండి వచ్చినాము? రేపు మనల్నీ అదే మాట అంటే?" అన్నారు. సభలో ఎవరూ మాట్లాడలేదు. ఆయన మాటలో బాధ ఉన్నది, న్యాయమూ ఉన్నది. పరాయివాడు అన్న మాట విన్న తాతలకు మనవలము మనం. ఆ మాట మొక్కమీద కూడ తేలికగా వాడరాదు.

మేము చాలాకాలం ఆలోచించి తెలిసికొన్నది ఇది. మొక్కను మనిషితో పోల్చడమే పొరపాటు. మనిషికి మాట ఉన్నది, ధర్మం ఉన్నది, తన ప్రక్కవాడికి చోటు వదలగలడు. ఈ దీవిలో మనుషులందరూ ఓడ దిగినవారే, ఇక్కడ మొలిచినవారు ఎవరూ లేరు. అందుకే ఎవరూ ఎవరినీ పరాయివారనలేరు. జామచెట్టుకు ఆ ఎరుక లేదు. దానిని ఎక్కడ ఆపవలెనో మనమే చెప్పవలెను. పెరట్లో ఒక జామ ఉండనిండి, పచ్చడి చేసికొందాము. పొదల బయలులో మాత్రం దానికి చోటు లేదు. అక్కడ ఉన్నవారికి వెళ్ళడానికి మరొక చోటు లేదు గనుక. కోరంగి పోయినా మనకు మారిషస్ దొరికినది. ఈ బయలు ట్రోకేషియాకు మరో దీవి లేదు.

మనం చేయదగినది

మనవారు ఓడ ఎక్కిన తీరంలో, కోరంగి చిత్తడి మడఅడవులను అక్కడి ప్రభుత్వం 1978లో అభయారణ్యంగా ప్రకటించినది. మనవారు చేరిన చోట పెత్రెన్ పొదలు. ప్రయాణానికి రెండు కొసల రెండు చిత్తడి నేలలు, రెండూ ఒకప్పుడు పనికిరానివని అనిపించుకొన్నవే. రెండింటినీ కాపాడుతున్నారన్న మాట వింటే మన పెద్దలు సంతోషించి ఉండేవారు.

కనుక రానున్న శివరాత్రికి గంగా తలావు వెళ్ళే యువకులకు, తల్లులకు మా మనవి. పెత్రెన్ కూడలిలో ఆగినప్పుడు ప్లాస్టిక్ గ్లాసు పొదల్లో విసరకండి. జామపండు తింటే గింజలు దారిలో ఉమ్మకుండ సంచిలో వేసి ఇంటికి తెండి. పువ్వు బాగున్నదని కోయకండి, దాని తేనెకు ఒక బల్లి రావలసి ఉన్నది. మన తెలుగు తరగతుల ఉపాధ్యాయులు ఏడాదికి ఒకసారైనా పిల్లలను అక్కడికి నడిపించండి. ఉగాదినాడు పచ్చడిలో ఆరు రుచులు ఎందుకో చెప్పినట్టే, ఆ నేలలో ఇన్ని ప్రాణాలు ఎందుకో చెప్పండి.

మా తండ్రిగారు పోయే ముందటి ఏడాది ఆయనను కారులో పెత్రెన్ తీసికొని వెళ్ళినాము. కంచె ప్రక్కన నిలబడి చాలాసేపు చూచినారు. ఒక పొట్టిచెట్టు బెరడుమీద చేయి వేసి, "ఇదే" అన్నారు. మరేమీ అనలేదు. తాను కొట్టిన చెట్టు పేరు ఆయనకు ఎన్నడూ ఎవరూ చెప్పలేదు. ఆ పేర్లు మన పిల్లలకైనా చెప్పడం మన విధి.